కణానికో దొడ్డిదారి

తప్పుగా తయారైన సరుకును మన ఒంట్లోని కణం ఏం చేస్తుంది? ఏ దారిన బయటికి పంపుతుంది? వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు వెతకడానికి మాత్రం పాతికేళ్లకు పైగా పట్టింది. ఆ జవాబులో మధుమేహ రోగి కండలు కరిగిపోవడం ఉంది, పసిపిల్లల ఉప్పటి చెమట ఉంది, కలరా విషం ఉంది, క్యాన్సర్ మందూ ఉంది!

దసరా వెళ్లిందంటే చాలు... వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు తెల్లబడిపోతుంది. ఎటు చూసినా పత్తి. ఆటోల్లో, ట్రాక్టర్లలో, డీసీఎంల్లో బస్తాలకు బస్తాలు దిగుతుంటాయి. అడ్తిదారులు, హమాలీలు, దడ్వాయిల హడావుడి. ఇంత సందట్లోనూ రైతు కళ్లు మాత్రం ఒక్కచోటే ఉంటాయి... తేమ మీటరు మీద. మద్దతు ధర రావాలంటే తేమ 8 శాతం ఉండాలి. అది పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. 12 దాటిందా, సీసీఐ కొనదు. పత్తి మంచిదే కావచ్చు, పింజ పొడుగ్గానే ఉండొచ్చు. కాస్త చెమ్మ ఎక్కువైన పాపానికి బండి వెనక్కి తిప్పాల్సిందే.

సరిగ్గా ఇలాంటి యార్డే ఒకటి మన ఒంట్లో ఉంది. ఒకటి కాదు, దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. అక్కడా సరుకు దిగుతుంది, పరీక్ష జరుగుతుంది, చీటీ పడుతుంది. పనికిరాదని తేలితే వెనక్కి పంపేస్తారు. తేడా ఒక్కటే. అక్కడ వెనక్కి వెళ్లిన సరుకు ఇల్లు చేరదు... ముక్కలైపోతుంది!

ఒంట్లో ఓ యార్డు

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు 'అంతర్జీవద్రవ్య జాలం' అనే మాట గుర్తుండే ఉంటుంది. ఇంగ్లిషులో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. పేరు పలకడానికే నోరు తిరగదు కాబట్టి శాస్త్రవేత్తలు కూడా ముద్దుగా 'ఈఆర్' అంటారు. కేంద్రకం చుట్టూ మడతలు మడతలుగా, గొట్టాలు గొట్టాలుగా అల్లుకుని ఉండే పల్చటి పొరల సంచి ఇది.

కణం తయారుచేసే ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు ఈ సంచి గుండానే వెళ్లాలి. రక్తంలోకి వెళ్లే ఇన్సులిన్, రోగాలతో పోరాడే యాంటీబాడీలు, కణం పైపొర మీద కాపలా కాసే ద్వారాలు... అన్నీ ఇక్కడ తయారై బయల్దేరేవే. క్లోమంలోని ఒక్క బీటా కణం పని ఒత్తిడిలో నిమిషానికి పది లక్షల దాకా ఇన్సులిన్ ముడి అణువులను తయారుచేయగలదంటే, ఈ యార్డులో రద్దీ ఎంతో ఊహించుకోవచ్చు.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. అయితే దండగా ఉన్నంతకాలం అది దేనికీ పనికిరాదు. ఓ పద్ధతి ప్రకారం మడత పడాలి. తాళంచెవికి పళ్లు ఎంత ముఖ్యమో ప్రొటీన్‌కి ఆకారం అంత ముఖ్యం. ఒక్క మడత తప్పితే తాళం తెరుచుకోదు. అక్కడితో పోతుందా అంటే పోదు. మడత తప్పిన ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. ఉండలు పేరుకుపోతే కణం ఉక్కిరిబిక్కిరై చివరికి ఆత్మహత్య చేసుకుంటుంది. ఇది అలంకారం కాదు, జీవశాస్త్రంలో దానికి ఆ పేరే ఉంది.

చక్కెర చీటీ

మరి మడత సరిగ్గా పడిందో లేదో కణానికి తెలిసేదెలా? దానికి కళ్లు లేవు, మీటరూ లేదు. చక్కెరలున్నాయి!

ఈఆర్‌లోకి అడుగుపెడుతుండగానే చాలా ప్రొటీన్లకు 14 చక్కెర అణువులున్న ఓ గుత్తిని తగిలిస్తారు. అందులో 3 గ్లూకోజులు, 9 మానోజులు, మిగతా రెండూ ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్లు. మార్కెట్లో బస్తాకు కట్టే చీటీ లాంటిదే ఇది. ముందుగా రెండు గ్లూకోజులు ఊడతాయి. ఒక్క గ్లూకోజు మిగిలి ఉన్నంతసేపూ కాల్నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్ అనే సహాయకులు ప్రొటీన్‌ను పట్టుకుని మడత పడేందుకు సాయం చేస్తాయి. ఆ ఆఖరి గ్లూకోజు కూడా ఊడాక ఓ తనిఖీ ఎంజైము వస్తుంది. మడత కుదిరితే సరే, ప్రయాణం ముందుకు. కుదరలేదా, మళ్లీ ఓ గ్లూకోజు అంటించి వెనక్కి పంపుతుంది. 'ఇంకోసారి ప్రయత్నించు' అన్నమాట.

అలాగని ఎన్నాళ్లు? దానికీ గడియారం ఉంది. ప్రొటీన్ ఎక్కువసేపు ఈఆర్‌లోనే తచ్చాడుతుంటే మానోజులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. అలా తెగిన చీటీని చదవగానే ఓఎస్-9 అనే మరో కాపలాదారుకు విషయం అర్థమైపోతుంది. ఇది బాగుపడే రకం కాదు. ఇక సాగనంపాల్సిందే!

తుక్కు మర గోడ అవతల!

ఇక్కడే అసలు చిక్కుముడి.

1980ల చివర్లో ఈ సంగతులు ఒక్కొక్కటే బయటపడుతున్నప్పుడు శాస్త్రవేత్తలు ఒక మాట అనుకున్నారు. చెడిన ప్రొటీన్ ఈఆర్‌లో ఉంది కాబట్టి దాన్ని ముక్కలు చేసే కత్తి కూడా ఈఆర్‌లోనే ఉంటుందని. ఎంత వెతికినా ఆ కత్తి దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అది అక్కడ లేదు కదా!

కణంలో ప్రొటీన్లను తుక్కు చేసే ప్రధాన యంత్రం ప్రొటియాజోమ్. పీపా ఆకారంలో ఉంటుంది. ఫలానా ప్రొటీన్‌ను ముక్కలు చెయ్యాలని దానికి చెప్పడానికి 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ 'యుబిక్విటిన్'ను గొలుసులా తగిలిస్తారు. చావు చీటీ అనుకోండి. దీన్ని కనిపెట్టినందుకే సీకనోవర్, హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అయితే ఈ పీపా ఉండేది ఈఆర్ సంచి లోపల కాదు, బయట!

1993లో జర్మనీ శాస్త్రవేత్తలు థామస్ సోమర్, స్టెఫాన్ యెంచ్‌లకు మొదటి ఆనవాలు దొరికింది. ఈఆర్ పొర మీది ఓ లోపభూయిష్ట ప్రొటీన్ నాశనం కావడంలో యుబిక్విటిన్ యంత్రాంగం పాత్ర ఉందని వాళ్లు చూపించారు. 1995లో సీఎఫ్‌టీఆర్ అనే మానవ ప్రొటీన్ విషయంలోనూ ఇదే తేలింది. 1996లో డీటర్ వోల్ఫ్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. పూర్తిగా ఈఆర్ లోపలే తేలుతుండే చెడు ప్రొటీన్ సైతం బయట ఉన్న ప్రొటియాజోమ్ చేతిలోనే ముక్కలవుతోందని నిరూపించింది. అదే ఏడాది అమెరికాలో జెఫ్రీ బ్రాడ్‌స్కీ, ఆర్డిథ్ మెక్‌క్రాకెన్‌లు ఈ మొత్తం తతంగానికి 'ఈఆర్ అసోసియేటెడ్ డిగ్రడేషన్' అని పేరు పెట్టారు. క్లుప్తంగా 'ఈరాడ్'.

చాలామటుకు ఈ ప్రయోగాలు జరిగింది దేని మీదో తెలుసా? బేకరీలో రొట్టె పొంగడానికి వాడే ఈస్ట్ మీద. మనిషి కణంలోని దొడ్డిదారి గుట్టు విప్పింది ఆ ఏకకణ జీవే.

పేరైతే పెట్టారు. ప్రశ్న అలాగే ఉంది. సంచి గోడ కొవ్వుతో చేసింది. నీటిని ఇష్టపడే ప్రొటీన్ దాన్ని దాటలేదు. మరి ఏ తలుపు గుండా బయటికి వస్తోంది?

తలుపు దొరికింది

మొదట అనుమానం సింహద్వారం మీదికే పోయింది. కొత్త ప్రొటీన్లు లోపలికి వచ్చే దారి పేరు సెక్61. వచ్చిన దారినే వెనక్కి పోతున్నాయేమోనని చాలాకాలం అనుకున్నారు. 2001లో మరో పాత్ర తెరమీదికి వచ్చింది. పీ97. ఆరు భాగాల ఉంగరం ఇది. గోడ అవతల నిలబడి, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేస్తూ చెడు ప్రొటీన్‌ను బలంగా లాగుతుంది. బావిలోంచి చేదను తోడినట్టు. అంటే లాగే చెయ్యి దొరికింది. తలుపే దొరకాలి.

ఆ తలుపు అప్పటికే అందరి కళ్లముందూ ఉంది! కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన ఎంజైమును కణం ఎలా నాశనం చేస్తుందో వెతుకుతూ 1996లోనే ర్యాండీ హ్యాంప్టన్ ఈస్ట్‌లో కొన్ని జన్యువులను పట్టుకున్నారు. గుండెజబ్బు వాళ్లు వాడే స్టాటిన్ మాత్రలు అడ్డుకునేది ఈ ఎంజైమునే. ఆ జన్యువుల్లో ఒకటి హెచ్‌ఆర్‌డీ1. అది చావు చీటీ అంటించే గుమాస్తా అని చాలాకాలం అనుకున్నారు. గుమాస్తాయే తలుపు కూడా అని అనుమానం బలపడింది మాత్రం 2010 తర్వాతే. హార్వర్డ్‌లో టామ్ రాపోపోర్ట్ బృందం ఒక్కో ప్రయోగంతో దాన్ని బిగిస్తూ వచ్చింది. 2017లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దాని ఆకారం కనిపించింది. 2020లో పూర్తి బొమ్మ వచ్చింది.

ఆ బొమ్మ చూస్తే ముచ్చటేస్తుంది. అది నిండు తలుపు కాదు. హెచ్‌ఆర్‌డీ1 ఒక సగం, డెర్1 అనే మరో ప్రొటీన్ ఇంకో సగం. రెండు అర తలుపులు ఎదురెదురుగా నిలబడతాయి. వాటి మధ్య కొవ్వు పొర పల్చబడిపోతుంది. ఆ పల్చటి చోటు నుంచి చెడు ప్రొటీన్ ఉచ్చులా వంగి దూరుతుంది. అవతల హెచ్‌ఆర్‌డీ1 చీటీ అంటిస్తుంది, పీ97 లాగుతుంది, ప్రొటియాజోమ్ ముక్కలు చేస్తుంది. చివరికి మిగిలిన అమైనో ఆమ్లాలు వృథా కావు. మళ్లీ కొత్త ప్రొటీన్లలోకి చేరిపోతాయి.

దొంగలకు ముందే తెలుసు

శాస్త్రవేత్తలు ఇంత కష్టపడి వెతికిన దారి సూక్ష్మజీవులకు ఏనాడో తెలుసు. సైటోమెగలో వైరస్ సంగతే చూడండి. కణంలో వైరస్ దూరితే ఆ కబురును రోగనిరోధక వ్యవస్థకు చేరవేసే ప్రొటీన్లు కణం మీద జెండాల్లా ఎగురుతుంటాయి. ఈ వైరస్ ఏం చేస్తుందంటే, ఆ జెండాలు బాగున్నా సరే ఈఆర్‌లోనే పట్టుకుని దొడ్డిదారిన తుక్కులోకి తోసేస్తుంది. జెండా లేదు, కబురు లేదు. 1996లో ఈ మోసం బయటపడింది.

కలరా విషం ఇంకా గడుసుది. ఈ విషాన్ని 1959లో కలకత్తాలో నిరూపించినవారు మన భారతీయ శాస్త్రవేత్త శంభునాథ్ దే. పేగు కణంలోకి దూరిన కలరా విషం మెల్లగా ఈఆర్‌దాకా వెళ్తుంది. అక్కడ తనను తాను మడత విప్పుకుని చెడిపోయిన ప్రొటీన్‌లా నటిస్తుంది. కాపలాదారులు పాపం నమ్మి బయటికి తోసేస్తారు. దానికి కావాల్సిందీ అదే. బయట పడగానే మళ్లీ మడత పడిపోతుంది. యుబిక్విటిన్ ఎక్కువగా అతుక్కునేది లైసిన్ అనే అమైనో ఆమ్లానికి. కలరా విషంలో లైసిన్లు చాలా తక్కువ. కాబట్టి తుక్కు మరకు చిక్కదు. ఆపై నీళ్ల విరేచనాలు మొదలవుతాయి.

మంచి సరుకును తోసేస్తే...

మళ్లీ ఎనుమాముల యార్డుకే వద్దాం. కాస్త తేమ ఎక్కువైనంత మాత్రాన మంచి పత్తిని వెనక్కి పంపితే నష్టం ఎవరికి? రైతుకు. కణంలోనూ అలా జరుగుతుంది. అక్కడ నష్టపోయేది పసిపిల్లలు.

సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో జిగట కఫం పేరుకుపోయి, పదేపదే న్యుమోనియా వస్తూ, తిన్నది ఒంటబట్టక పిల్లలు చిక్కిపోయే జన్యు వ్యాధి. ఈ పిల్లలను ముద్దు పెట్టుకుంటే చెమట ఉప్పగా తగులుతుంది. మన దేశంలో ఈ జబ్బే లేదని చాలాకాలం అనుకున్నారు. ఉంది. క్షయ అనో ఆస్తమా అనో పొరబడటం వల్ల లెక్కలోకి రాలేదు. చెమట పరీక్షలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే ఈ జబ్బును బలంగా అనుమానించాలి.

దీనికి కారణమైన జన్యువు 1989లో దొరికింది. అది తయారుచేసే సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌లో 1480 అమైనో ఆమ్లాలుంటాయి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువమంది రోగుల్లో 508వ స్థానంలో ఉండాల్సిన ఒకే ఒక్క అమైనో ఆమ్లం ఉండదు. 1480లో ఒక్కటి! మన దేశపు రోగుల్లో ఈ లోపం వాటా అంతకన్నా తక్కువే కానీ, ఇక్కడా ఉంది. ఆ ఒక్కటి లేనందుకు మడత కాస్త వదులవుతుంది. ఈఆర్ కాపలాదారులు దాదాపు మొత్తం సరుకును పట్టుకుని తుక్కులోకి పంపేస్తారు.

బాధ కలిగించే విషయం ఏంటంటే, ఆ ప్రొటీన్ మరీ పనికిరానిది కాదు. 1992లో జరిగిన ఓ ప్రయోగంలో కణాలను మామూలుకన్నా చల్లగా ఉంచితే అది మడత కుదుర్చుకుని పైపొరకు చేరింది. చేరి పని కూడా చేసింది! అంటే జబ్బుకు కారణం సరుకు లోపం ఒక్కటే కాదు, తనిఖీ అతి కఠినంగా ఉండటం కూడా.

మందు ఆలోచన పుట్టింది ఇక్కడే. మడత కుదరడానికి ఓ చెయ్యి సాయం చేస్తే సరి. మూడు మందులు కలిపిన ట్రైకాఫ్టా మాత్రకు 2019 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అందులో రెండు మందులు మడతను సరిచేసి ప్రొటీన్‌ను కాపలా దాటిస్తాయి. మూడోది పైపొరకు చేరిన ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. వాడిన పిల్లల్లో చాలామంది ఊపిరి తేలికైంది. మరి ధరో? అప్పట్లో ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైనే. మన దగ్గరి అమ్మానాన్నలకు అది అంకె కాదు, గోడ.

తార్నాకలో ఎలుకలు చెప్పిన కథ

ఇదంతా ఎక్కడో హార్వర్డ్‌లో, స్టట్‌గార్ట్‌లో జరిగే వ్యవహారం అనుకుంటే పొరపాటే. వరంగల్ నుంచి రైలెక్కితే మూడు గంటలు పట్టని దూరంలో, హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడ జి.భానుప్రకాశ్ రెడ్డి బృందం ఈ దారిని మధుమేహం కోణంలో పరిశీలించింది.

మధుమేహం ముదిరినవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నబడటం చాలా ఇళ్లలో చూస్తున్నదే. తింటున్నా కండ నిలవదు. ఎందుకని? ఆ బృందం ఎలుకలకు మధుమేహం కలిగించి, రెండు నెలలకు, నాలుగు నెలలకు వాటి పిక్క కండరాన్ని పరీక్షించింది. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. కండర పోగులు సన్నబడ్డాయి. చావు చీటీలు అంటించే యంత్రాంగం, ప్రొటియాజోమ్ మోతాదుకు మించి పనిచేస్తున్నాయి. నాలుగు నెలల ఎలుకల్లో ఈరాడ్ భాగాలు తారుమారై, ఈఆర్ మీద ఒత్తిడి పెరిగింది. కొన్ని ఎలుకలకు రెండు నెలలు ఎంజీ132 అనే రసాయనం ఇచ్చి ప్రొటియాజోమ్‌ను అడ్డుకుంటే ఈ మార్పులు నెమ్మదించాయి.

ఎలుకలో తేలింది మనిషిలోనూ తేలినట్టు కాదు. ఎంజీ132 ప్రయోగశాల రసాయనమే తప్ప మందు కాదు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. చక్కెర వ్యాధి అంటే రక్తంలో చక్కెర ఒక్కటే కాదు, కణంలోని చెత్త దారి కూడా అస్తవ్యస్తం కావడం.

అదే హబ్సిగూడ - తార్నాక దారిలో ఉన్న సీసీఎంబీలో, ఆ సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన సీహెచ్.మోహనరావు ఏళ్ల తరబడి కంటి కటకం మీద పనిచేశారు. కటకంలోని పరిణతి చెందిన కణాలకు కేంద్రకం లేదు, ఈఆర్ లేదు. అంటే దొడ్డిదారే లేదు! పుట్టినప్పుడు చేరిన ప్రొటీన్లతోనే జీవితాంతం నెట్టుకురావాలి. అక్కడ మడత చెడిన ప్రొటీన్లను ఉండలు కట్టకుండా పట్టి ఉంచేది ఆల్ఫా క్రిస్టలిన్. దాని శక్తి తగ్గితే ప్రొటీన్లు గుంపుకట్టి కటకం మసకబారుతుంది. అదే శుక్లం. చెత్త బయటికి పోయే దారి లేని ఇల్లు చివరికి ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి!

దారి మూస్తే మందు

దారి మూసుకుపోతే కణం చస్తుంది. నిజమే. మరి ఆ చచ్చేది క్యాన్సర్ కణమైతే?

మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌లో ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. వాటి పనే యాంటీబాడీలు తయారుచేయడం. అంటే వాటి ఈఆర్‌లో ఎప్పుడూ దసరా తర్వాతి ఎనుమాముల యార్డంత రద్దీ. అలాంటి చోట చెత్త బయటికి పోయే దారి మూసేస్తే ముందుగా కుప్పకూలేది అవే. బోర్టిజోమిబ్ మందు చేసే పనుల్లో ఇది ముఖ్యమైంది. ఇది ప్రొటియాజోమ్‌ను అడ్డుకుంటుంది. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందుకు హైదరాబాద్‌కు చెందిన నాట్కో, డాక్టర్ రెడ్డీస్ సంస్థలు జనరిక్‌లు తెచ్చాయి. ఒకప్పుడు ఈస్ట్ కణంలో కుతూహలంతో వెతికిన దారి, ఈరోజు క్యాన్సర్ వార్డులో సూదిమందై నిలబడింది.

కాకతీయ విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ చదివే అమ్మాయికో, కాకతీయ మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ బట్టీ కొట్టే అబ్బాయికో ఇదంతా పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. కానీ పదేపదే దగ్గుతూ చిక్కిపోతున్న బిడ్డతో ఆస్పత్రి మెట్లెక్కే తల్లికి అదే బతుకు ప్రశ్న. ఆ బిడ్డ చెమట ఉప్పగా ఉందని ఆమె చెప్పినప్పుడు, వినేవాళ్లకు ఆ ఐదు మార్కుల ప్రశ్న గుర్తుకొస్తే చాలు... సగం వైద్యం మొదలైనట్టే.

ఎనుమాములలో తేమ ఎక్కువైందన్న రైతు ఏం చేస్తాడు? బండిని ఊరికే వెనక్కి తిప్పడు. అక్కడే ఓ పక్కన పట్టా పరిచి, పత్తి ఆరబోసి, ఎండ తగిలేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. సాయంత్రానికి మీటరు మళ్లీ పెడితే సరుకు నెగ్గొచ్చు. మడత తప్పిన ప్రొటీన్ల విషయంలో శాస్త్రవేత్తలు చేస్తున్నదీ అదే. తలుపు ఎక్కడుందో తెలిసింది. ఎవర్ని సాగనంపాలో, ఎవర్ని కాసేపు ఎండలో ఆరబెట్టి గెలిపించుకోవాలో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు.